తాళం ఎవరి చేతిలో ఉంది?

ఈ శీర్షికకి మామూలుగా వచ్చే ఉత్తరాలు కవరు చింపకుండానే చదవగలను. పాపకి ఏ వయసులో సరళీస్వరాలు మొదలుపెట్టాలి, మృదంగం మీది నల్లమచ్చ రాలిపోతోంది ఎవరికి ఇవ్వాలి, మావాడు పాడుతుంటే పక్కింటివాళ్ళు తలుపేసుకుంటున్నారు ఏం చేయమంటారు... ఈ నెల వచ్చినవి అలాంటివి కావు. తప్పు నాదే. రెండు సంచికల కిందట పాకో దె లూసియా అనే స్పెయిన్ గిటారిస్టు ఆల్బం గురించి నాలుగు వాక్యాలు రాసి, అక్కడి జనం సంగీతం ఫ్లమెంకోనీ క్లాసికల్‌నీ కలిపారు వినండి అని చెప్పి ఊరుకున్నాను. "ఊరించి వదిలేస్తే ఎట్లా?" అని ఒకాయన పోస్టుకార్డు మీద ఎర్ర ఇంకుతో రాశారు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. ఎన్నో ఏళ్ళు మృదంగం నేర్పినవాణ్ణి కాబట్టి నా జవాబులన్నీ తిరిగి తిరిగి తాళం దగ్గరికే వస్తాయి. ఓపిక పట్టాలి. మన చిత్తూరు వైపు తలుపుకు వేసేది బీగం కనుక ఆ మాటతో అయోమయం ఉండదు, అదొక్కటే నయం.

ప్రశ్న: సార్, మీరు రాసిన ఆల్బం మా అబ్బాయి కారులో పెట్టాడు. క్లాసికల్ అన్నారు కదా అని త్యాగరాజస్వామి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పూతలపట్టు దాటాం, దామలచెరువు దాటాం, చంద్రగిరి కోట కూడా కనిపించింది. ఒక్క రాగమూ రాలేదు. ఇది ఏ క్లాసికల్?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అయ్యా, మిమ్మల్ని చంద్రగిరి దాకా కూర్చోబెట్టినందుకు క్షమించాలి. మనకి క్లాసికల్ అంటే కర్ణాటక సంగీతం, కాస్త అటు పోతే హిందుస్తానీ. యూరప్‌లో ఆ మాటకి అర్థం వేరు. అక్కడ స్వరకర్త మొత్తం కాగితం మీద రాసేస్తాడు. ఏ వాయిద్యం ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ ఆగాలి, ఎంత మెల్లగా, ఎంత గట్టిగా, అంతా అందులోనే. ముందు నిలబడ్డ ఒక మనిషి చిన్న కర్రతో అందరినీ నడిపిస్తాడు. మన కచేరీలో గాయకుడు పల్లవిని ఎన్నిసార్లు తిప్పుతారో పక్కన కూర్చున్న మృదంగం మనిషికి ముందుగా తెలియదు. అక్కడ అందరికీ ముందే తెలుసు.

ఆల్బం పాకో దె లూసియాది, 1991లో వచ్చింది. ఆయన అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెజ్ గోమెజ్. 1947లో స్పెయిన్ దక్షిణాన అల్హెసిరాస్ అనే రేవు ఊళ్ళో పుట్టారు. ఫ్రాన్సిస్కో అన్న పేరు వాళ్ళ నోట్లో ముద్దుగా పాకో అవుతుంది. వీధికి నలుగురు పాకోలు ఉంటే ఏ పాకో అని చెప్పాలి కదా, తల్లి పేరు చేర్చి 'లూసియా వాళ్ళ పాకో' అన్నారు. మన వీధుల్లో మునెమ్మ కొడుకు, సుబ్బమ్మ కొడుకు అన్నట్టే. ఆ పిలుపే ఆయనకి ప్రపంచమంతటా పేరయింది. 2014 ఫిబ్రవరిలో మెక్సికోలో పోయారు.

ఆయన చేతికి వచ్చిన సంగీతం కాగితం మీదిది కాదు. ఫ్లమెంకో ఆందలూసియా ప్రాంతంలో ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో, సారాయి అంగళ్ళలో పెరిగింది. పాట, గిటారు, ఆట, చప్పట్లు అన్నీ ఒక్క కుటుంబం. పాకోని చిన్నప్పుడే తండ్రి కూర్చోబెట్టి గంటల తరబడి సాధన చేయించారు. విని, చూసి, వాయించి నేర్చుకున్న చదువది. నొటేషన్‌తో దానికి పనిలేదు.

ఇక అవతలి పక్షం. ఆ ఆల్బంలో పాకో వాయించిన పెద్ద రచన, స్వరకర్త హోవాకీన్ రోద్రీగో 1939లో రాసిన అరాన్హ్వెజ్ కన్సర్టో. కన్సర్టో అంటే ఒక వాయిద్యం ముందు కూర్చుని ఆర్కెస్ట్రా మొత్తంతో మాట్లాడే రచన. రోద్రీగోకి మూడేళ్ళ వయసులోనే చూపు పోయింది, స్వరాలు బ్రెయిలీలో రాసుకునేవారు. ఆయన వాయించేది పియానో, గిటారు కాదు. అయినా గిటారు కన్సర్టో అనగానే లోకానికి ముందుగా గుర్తొచ్చేది ఆయన రాసిందే. మాడ్రిడ్‌కి దక్షిణాన రాజుల తోటలున్న ఊరి పేరే దానికి పెట్టారు.

ఈ రెంటినీ కలపడం ఏమిటో మన ఊరి లెక్కలో చెబుతాను. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకి పలక (డప్పు) కొట్టేవాళ్ళలో చెయ్యి తిరిగిన ఒకాయన్ని పిలిచి, మహతి ఆడిటోరియంలో వయొలిన్ల గుంపు మధ్య కూర్చోబెట్టి, ఎదురుగా కాగితం పెట్టి, "ఇందులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క దెబ్బ ఎక్కువా తక్కువా కాకుండా కొట్టు నాయనా" అన్నామనుకోండి. జాతరలో వేషాలు కట్టినవాళ్ళు ఆయన పలకని బట్టి అడుగు వేస్తారు. ఇక్కడ ఆయన కర్ర వంక చూస్తూ కొట్టాలి. తాళం చేతులు మారిపోయింది.

పాకో ఆ పరీక్షకి ఒప్పుకుని కూర్చున్నారు. రాసిన స్వరాలు నేర్చుకున్నారు. కడాకెస్ ఆర్కెస్ట్రాని ఎద్మోన్ కొలోమెర్ నడిపించారు. తొంభైకి దగ్గరపడిన రోద్రీగో స్వయంగా వచ్చి విన్నారు. ఎదురుగా రచయిత, పక్కన జీవితమంతా కాగితం చూసి వాయించినవాళ్ళు, మధ్యలో లూసియా వాళ్ళ పాకో. ఆయన కడుపులో ఎంత గుబులు పుట్టిందో మనకెందుకు గానీ, చెయ్యి మాత్రం వణకలేదు. పాశ్చాత్య క్లాసికల్ గిటారిస్టులు తియ్యటి స్వరం వచ్చినచోట కాస్త నిలబడతారు, తర్వాత కాస్త వడి పెంచి సర్దుకుంటారు. వాళ్ళ సంప్రదాయంలో అది తప్పు కాదు, సొగసు. పాకో నిలబడరు. కాలప్రమాణం, అంటే నడక వేగం, గుంజకి కట్టినట్టు ఉంటుంది. మీరు రాగం కోసం చెవి పెట్టారు కాబట్టి చంద్రగిరి దాకా ఏమీ దొరకలేదు. తిరుగు ప్రయాణంలో తొడ మీద వేలితో కొట్టుకుంటూ వినండి. కారు మాత్రం మీ అబ్బాయినే నడపనివ్వండి.

ప్రశ్న: నేను వీణ నేర్చుకుంటున్నాను. ఆ ఆల్బం తర్వాత ఆయనవే మామూలు ఫ్లమెంకో వాయింపులు కూడా విన్నాను. వెనక చప్పట్లు వినిపిస్తాయి కానీ సమం, అదే తాళం ఎత్తుకునే చోటు, దొరకడం లేదు సార్. ఆది వేసి చూశాను, రూపకం వేసి చూశాను, రెండూ జారిపోతున్నాయి. టెన్షన్ వస్తోంది. అది ఏ తాళం?
- డిగ్రీ విద్యార్థిని, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, నువ్వు సమాన్ని ఒకటో అంకె మీద వెతుకుతున్నావు. వాళ్ళ బరువు పన్నెండు మీద ఉంటుంది.

ఒకటి నుంచి పన్నెండు దాకా నోటితో లెక్కపెట్టు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఈ ఐదు చోట్లా గట్టిగా చప్పట్లు కొట్టు. సోలెయా అని నెమ్మదిగా సాగే రకం ఒకటి, బులెరియా అని వడిగా పరుగెత్తే రకం ఒకటి ఉన్నాయి. రెంటికీ చట్రం ఇదే. ఇలా నాలుగు ఆవర్తాలు (నాలుగు పన్నెండ్లు) కొట్టేసరికి చేతులు చిక్కుపడతాయి. అప్పుడు అంకెలు వదిలేసి, పన్నెండునే మొదలనుకుని జతిగా చెప్పు: తకిట తకిట తక తక తక. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. పన్నెండూ అయిపోయాయి. ఇక జారదు.

మా ఇంట్లో దీన్ని నాకంటే ముందు పట్టుకున్న మనిషి ఉంది. సంక్రాంతికి ముందు ఒక పొద్దున మనవడి ఫోను స్టీలు చెంబులో నిలబెట్టి (మా ఇంటి స్పీకరు అదే) బులెరియా వింటున్నాను. మా ఆవిడ రాత్రి నానబెట్టిన అనపగింజలు ముందర పోసుకుని పితుకుతోంది. ఆ పని చూసినవాళ్ళకి తెలుసు, గింజని రెండు వేళ్ళ సందున నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతుంది. టక్. మొదట ఎలా పడితే అలా పడ్డాయి. కాసేపటికి ఆ టక్కులకి ఒక వరస వచ్చింది. మూడు మాత్రలకొకటి (మాత్ర అంటే తాళంలో ఒక లెక్క) రెండుసార్లు, ఆ వెంటనే రెండు మాత్రలకొకటి మూడుసార్లు. నేను తొడ మీద కొడుతున్న వేలు ఆపేసి ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆమెకి తాళాల పేర్లు తెలియవు. ఎలా పట్టావు అంటే, "అది అట్లా పోతా ఉంది, చెయ్యీ అట్లా పోయింది" అని మళ్ళీ గింజల మీదికి వంగింది. శిష్యులకి నేను మూడు వారాలు చెప్పే పాఠం అది.

మన ఆదితాళంతో దీన్ని పోల్చి చూడకు. మనం తాళాన్ని చేత్తో చూపిస్తాం, పాట దాని చుట్టూ ఈదుతుంది, మృదంగం దెబ్బ ఎక్కడ వేయాలన్నది వాయించేవాడి ఇష్టం. వాళ్ళకి దెబ్బలు పడే చోట్లే తాళం. ఆ చోట్లు మారితే అది ఇంకో రకం అయిపోతుంది, పేరు కూడా మారుతుంది.

ఇప్పుడు మళ్ళీ ఆల్బంలో మొదటి భాగం పెట్టుకో. ఆర్కెస్ట్రా ఊపిరి బిగబట్టి ఉండగా గిటారు తీగలన్నీ మీటుతూ మొదలవుతుంది. అక్కడ ఆరేసి మాత్రలు ఒకసారి తకిట తకిట అని, ఇంకోసారి తక తక తక అని విరుగుతాయి. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే నీ పన్నెండే! రోద్రీగో బులెరియా రాయలేదు. కానీ ఆ నేల మీది విరుపు పియానో ముందు కూర్చున్న మనిషి చెవికీ చేరింది. పాకో చేతికి అది పుట్టినిల్లు. ఫ్లమెంకో, క్లాసికల్ కలిశాయి అని నేను రాసింది ఈ ఆరు మాత్రలు చూసే.

ఇంకొక్క మాట. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారి పేరు మీ టీచర్ని అడుగు. కాంచీపురం నైనా పిళ్ళై శిష్యులు, 1954లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. లయలో ఆయన లెక్కలకి పెద్దపెద్దవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చునేవారట. ఆయన పేరు ముందు మన ఊరి పేరు పెట్టుకుని మనం పన్నెండుకి భయపడితే బాగుండదు.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ఫ్లమెంకో మన దేశం నుంచే స్పెయిన్‌కి వెళ్ళిందట, అందులోవి మన రాగాలేనట. నిజమేనా?
- మదనపల్లె నుంచి ఒక పాఠకుడు

జవాబు: సగం నిజం. ఆ సగం గట్టిదే. స్పెయిన్‌లో హితానోలు అని పిలిచే జిప్సీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట వాయవ్య భారతం నుంచి బయలుదేరారు. భాషే సాక్ష్యం, వాళ్ళ మాటల్లో నీళ్ళు ఇప్పటికీ పానీయే. స్పెయిన్‌లో వాళ్ళ జాడ కాగితం మీద మొదట దొరికేది 1425లో, అరగాన్ రాజు ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రంలో. మన అన్నమయ్య 1408లో పుట్టారంటారు కాబట్టి అప్పటికి పదహారు, పదిహేడేళ్ళ కుర్రవాడు. ఈ లెక్క వేసుకుంటే నాకు సరదాగా ఉంటుంది. అంతకుమించి దానికి అర్థం లేదు, దీన్ని కూడా ఫార్వర్డ్ చేయకండి.

మిగతా సగం మాత్రం గాలి కబురు. దారిలోనే కొన్ని వందల ఏళ్ళు గడిచాయి. స్పెయిన్ చేరేసరికి అక్కడ అరబ్బుల సంగీతం ఉంది, యూదుల పాటలున్నాయి, పల్లె పాటలున్నాయి. ఫ్లమెంకో అని మనం వింటున్న రూపం ఆ నేల మీదే 18, 19 శతాబ్దాల్లో కుదురుకుంది. తోడినీ భైరవినీ మూటగట్టుకుని ఎవరూ బయలుదేరలేదు. 1749లో స్పెయిన్ ప్రభుత్వం ఒక్కసారిగా వేలమంది హితానోలను పట్టి బంధించింది. ఆ పాటల్లో వినిపించే గొంతు చించుకునే ఏడుపుకి మన రాగాల కంటే అలాంటివే దగ్గరి చుట్టాలు. 'అంతా మనదే' అనేవాళ్ళు ఆ సంగతి వీడియోలో పెట్టరు.

ఇంకో విశేషం. ఫ్లమెంకోని క్లాసికల్ వాళ్ళు చిన్నచూపు చూసిన మాట నిజమే అయినా, దాన్ని కాపాడదామని ముందుకొచ్చినవాళ్ళలోనూ క్లాసికల్ మనిషి ఉన్నారు. స్వరకర్త మాన్వెల్ దె ఫాయా, కవి లోర్కా వంటివాళ్ళు కలిసి 1922లో గ్రనాడాలోని అల్హంబ్రా కోటలో పాత ఫ్లమెంకో పాటకి పోటీ పెట్టించారు. యునెస్కో గుర్తింపు వచ్చింది 2010లో. ఎనభై ఎనిమిదేళ్ళు పట్టింది.

ప్రశ్న: మాది నాగస్వరం వాయించే ఇల్లు. ఆ గిటారు వింటుంటే తోడిలా అనిపించి, అంతలోనే కాదనిపిస్తోంది. నా చెవి పాడైందా?
- శ్రీకాళహస్తి

జవాబు: మీ చెవి బంగారం. ఫ్లమెంకో ఎక్కువగా నడిచే మెట్లు పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచేవి. మన లెక్కలో అవి అచ్చంగా ఎనిమిదో మేళం (మూలరాగం) హనుమతోడి స్వరాలు. వాళ్ళకి బాగా ఇష్టమైన ముగింపు ఒకటుంది, నాలుగు మెట్లు దిగి ఆగుతారు. మ, గ, రి, స. దిగేటప్పుడు వచ్చేది సాధారణ గాంధారం, అక్కడిదాకా మీ తోడి. తీరా షడ్జం మీదికి వచ్చి తీగలన్నీ కలిపి మీటినప్పుడు లోపల అంతర గాంధారం, అంటే దానికి ఒక మెట్టు పైనున్న గ, మోగుతుంది. దాంతో పద్నాలుగో మేళం వకుళాభరణంలోకి జారిపడతారు. మీకు 'అంతలోనే కాదనిపించే' చోటు అదే.

అయినా స్వరాలు కలిసినంత మాత్రాన తోడి కాదని నాగస్వరం ఇంటివాళ్ళకి నేను చెప్పాలా? గాంధారం ఊగకపోతే అది తోడి ఎలా అవుతుంది?

ప్రశ్న: మా బాబు ఇంటర్ అయ్యాక గిటారు నేర్చుకుంటానంటున్నాడు. క్లాసికల్ గిటారు వేరు, ఫ్లమెంకో గిటారు వేరు అంటున్నాడు. రెండు కొనే స్తోమత లేదు అన్నయ్యా. ఏది కొనమంటారు?
- ఒక తల్లి, పుత్తూరు

జవాబు: ఒక్కటే చాలమ్మా. రెండూ ఒక తల్లి బిడ్డలే. ఇప్పుడు మనం చూసే గిటారు ఆకారాన్ని 19వ శతాబ్దంలో అల్మెరియా ఊరి ఆంతోనియో దె తోరెస్ అనే వడ్రంగి కుదిర్చారు. తేడా తర్వాత తర్వాత పెరిగింది. క్లాసికల్ గిటారుకి వెనకా పక్కలా రోజ్‌వుడ్ లాంటి బరువైన చెక్క వాడతారు, నాదం గుండ్రంగా, చాలాసేపు నిలుస్తుంది. పాత పద్ధతి ఫ్లమెంకో గిటారుకి సైప్రస్ చెక్క. తేలిక. తీగలు మెట్లకి బాగా దగ్గరగా ఉంటాయి, మోత టక్కున లేచి టక్కున ఆరిపోతుంది. చప్పట్ల మధ్య, కాళ్ళ మోతల మధ్య వినపడాలి కదా. పైచెక్క మీద పల్చటి ప్లాస్టిక్ రేకు ఒకటి అతికిస్తారు, ఎందుకంటే వాయిస్తూ వాయిస్తూ ఉంగరం వేలి గోటితో చెక్కని తడతారు. మృదంగం మనిషిని, ఆ తట్టు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదలుపెట్టే పిల్లాడికి మామూలు నైలాన్ తీగల క్లాసికల్ గిటారు కొనండి. ఒక్క సంగతి మాత్రం మరిచిపోవద్దు, నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. మనవడికని అలాంటిదే కొన్నాను. రెండో నెలలో ఒక తీగ తెగింది. బజారులో ఒక అంగడికి తీసుకెళ్తే, అక్కడి కుర్రవాడు "మోత బాగా వస్తుంది పెద్దాయనా" అని ఆరూ పీకేసి స్టీలు తీగలు బిగించి ఇచ్చాడు. మోత బాగానే వచ్చింది. మూడు వారాల తర్వాత ఒక రాత్రి అందరం పడుకున్నాక హాల్లో కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. లైటు వేసి చూస్తే తీగలు కట్టే బ్రిడ్జి చెక్క ఊడి, పైచెక్క పెచ్చు కూడా పీక్కుని, ఆరు తీగలకి వేలాడుతోంది. స్టీలు తీగ లాగే బరువు నైలాన్ కంటే చాలా ఎక్కువ, ఆ గిటారు దానికోసం కట్టింది కాదు. నైలాన్ సెట్టులో లావు తీగలు మూడూ వెండిలా మెరుస్తుంటాయి, అవి చూసి స్టీలు అనుకుంటారు. లోపల దారాలే, పైన సన్నటి తీగ చుట్టి ఉంటుంది అంతే. అంగడిలో గట్టిగా అడిగి తీసుకోండి.

బాబుకి గోళ్ళు పెంచుకోవడం అలవాటు చేయించండి, కుడిచేతివి మాత్రమే. కాలేజీలో అడిగితే ఏం చెప్పాలో వాడే చూసుకుంటాడు. మెడ మీద బిగించే చిన్న క్లిప్పు ఒకటి కూడా కొనండి, కేపో అంటారు. గాయకుడి గొంతు ఏ శ్రుతిలో ఉంటే అక్కడ దాన్ని బిగించి వాయిస్తారు. మనం ఒకటి, ఒకటిన్నర, రెండు అని శ్రుతిపెట్టె తిప్పుకున్నట్టే.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరమూ స్పెయిన్ గిటారు రచన ఒక్కటి కూడా విన్నవాళ్ళం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- పీలేరు

జవాబు: కొన్ని వేలసార్లు విన్నారు. పాత నోకియా ఫోను రింగ్‌టోను గుర్తుందా? స్పెయిన్ గిటారిస్టు ఫ్రాన్సిస్కో తారేగా 1902లో రాసిన ఒక వాల్ట్జ్‌లోని ముక్క అది. మొదలుపెట్టేశారు, ఇక ముందుకి పదండి.

ప్రశ్న: ఫ్లమెంకోనీ మన సంగీతాన్నీ కలిపినవాళ్ళు లేరా?
- చంద్రగిరి నుంచి ఇద్దరు స్నేహితులు

జవాబు: ఉన్నారు. సితార్ వాయించే అనౌష్కా శంకర్ 2011లో 'ట్రావెలర్' అనే ఆల్బం తెచ్చారు, స్పెయిన్ కళాకారులతో కలిసి. అంతకుముందే పోలండ్ గిటారిస్టు మిగెల్ చహోవ్‌స్కీ 'ఇండియాలుసియా' అనే ఆల్బంలో మన దేశపు విద్వాంసులతో వాయించారు. పాకో అయితే 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్‌లాఫ్లిన్, అల్ డి మియోలాలతో కలిసి మూడు గిటార్ల కచేరీ చేశారు, అది ఆల్బంగా వచ్చి మోగిపోయింది. ఆ మెక్‌లాఫ్లిన్ పక్కనే తర్వాతి రోజుల్లో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ కూర్చున్నారు. గిటారు మీదే కర్ణాటక సంగీతం వినాలంటే చిత్తూరు దాటి కాస్త ముందుకి వెళ్తే చాలు, గిటార్ ప్రసన్న రాణిపేటలో పెరిగినవారు.

ఇలాంటి ఆల్బంలు వినేటప్పుడు నా పరీక్ష ఒకటే. పన్నెండు వాళ్ళది, ఆదితాళం ఎనిమిది మనది. మధ్యలో ఎవరు ఎవరి లెక్కకి వచ్చారో చూస్తాను. ఇద్దరూ చెరో లెక్కలో వాయించుకుంటూ, చివర్లో ఒక తీర్మానం (ముగింపు దెబ్బల వరస) దగ్గర కలిసి నవ్వుకుంటే నాకు ఆనదు.

ప్రశ్న: అన్నీ పొగడ్తలేనా? ఆ ఆల్బంలో లోపమే లేదా మాస్టారూ?
- ఎర్ర ఇంకు పోస్టుకార్డు, ఊరి పేరు రాయలేదు

జవాబు: ఉంది. కన్సర్టోలో పాకో కొత్తల్లుడు అత్తవారింట్లో విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంటారు. ఎక్కడా మెతుకు కింద పడదు, మళ్ళీ వడ్డించమనీ అడగరు. ఆయన సొంత వాయింపుల్లో ఉండే తెగింపు అక్కడ లేదు, కాగితం దాటి ఒక్క స్వరం వేయరు. అదే ఆల్బంలో తర్వాత వచ్చే మూడు ముక్కలు చూడండి. ఆల్బెనిజ్ అనే స్వరకర్త పియానోకి రాసిన 'ఇబేరియా'లోవి, మూడు గిటార్లకి మార్చుకుని కన్యిసారెస్, బాందేరా అనే ఇద్దరితో కలిసి వాయించారు. కర్ర పట్టుకున్న మనిషి లేడు. తాళం మళ్ళీ చేతుల్లోకి వచ్చింది. భుజాలు వదులు చేసుకున్నట్టు వినగానే తెలిసిపోతుంది. నన్నడిగితే అసలు కలయిక అక్కడే ఎక్కువ కుదిరింది, పేరు మాత్రం కన్సర్టోకి వచ్చింది.

కన్సర్టో రెండో భాగం మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. చాలా నెమ్మదైనది. కోర్ ఆంగ్లే అని, సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాయిద్యం ఒకటి ముందు పాడుతుంది, గిటారు పక్కన తోడు నిలిచి తర్వాత అదే పాటని తను అందుకుంటుంది. తొలి బిడ్డ కడుపులోనే పోయినప్పటి దుఃఖం అందులో ఉందని రోద్రీగో భార్య తర్వాతి కాలంలో రాశారు. అలాంటి చోట కాసేపు నిలబడాలి. కాలప్రమాణం పక్కన పెట్టి నిలబడాలి. తాళం మనిషినైన నేనే ఈ మాట అంటున్నానంటే చూసుకోండి. పాకో అక్కడ కూడా నడిచే వెళ్తారు.

మా ఆవిడ ఒప్పుకోదు. ఆమెకి ఆల్బం మొత్తంలో నచ్చింది అదొక్కటే. ఆ భాగం వచ్చినప్పుడు అనపగింజలు పితకడం ఆపేస్తుంది.